పట్టిన నియమం నిలుచుట ఎట్లు?

భాద్రపద మాసం వచ్చినదంటే బెంగుళూరు చిక్కపేట, అవెన్యూ రోడ్డు ప్రాంతాల్లో నడచువారికి ఒక విశేషం కనుపించును. దుకాణం తలుపు తీయుటకు ముందే వ్యాపారి మందిరానికి పోవును. కార్యాలయానికి పోవు యువకుడు ఆ ఎనిమిది దినాలైనా సాయంకాలం త్వరగా ఇల్లు చేరుటకు ప్రయత్నించును. శ్వేతాంబరులకు పర్యూషణం, దిగంబరులకు దశలక్షణ పర్వం. ఆ దినాల్లో గురువుల యెదుట చేతులు జోడించి ఏదో ఒక నియమం పుచ్చుకొననివారు మనలో అరుదు. ఒకరు రాత్రి భోజనం మానుదుమందురు. ఒకరు నిత్యం సామాయికం చేయుదుమందురు. ఒకరు కోపం తగ్గించుకొందుమందురు. అయితే దీపావళి వచ్చునాటికి ఆ నియమాల్లో ఎన్ని మిగిలి యుండును? ఈ ప్రశ్న ఇతరులను అడుగుటకంటె ఎవరిని వారు అడుగుకొనుట మర్యాద. నేను నన్ను అడుగుకొన్నాను. వచ్చిన జవాబు సంతోషకరంగా లేదు. ఈ వ్యాసానికి అదియే కారణం.

ఈ బాధ మనకొక్కరికే ఉన్నదని కాదు. జనవరి మొదటి తేదీన లోకమంతా సంకల్పాలు చేసికొనును. మన నగరంలో ఉద్యోగులు సంవత్సరానికి ఒక లక్ష్యం, మూడు నెలలకు ఒక లక్ష్యం వ్రాసి పై అధికారికి ఒప్పజెప్పుదురు. జేబులోని సెల్‌ఫోను నడచిన అడుగులను లెక్కపెట్టును. అవెన్యూ రోడ్డు కాలిబాట మీద పాత పుస్తకాలు అమ్మువారి వద్ద జీవితంలో జయం పొందుట ఎట్లో చెప్పు గ్రంథాలు కుప్పలుగా పడియుండును. అవి అక్కడికి చేరుటలోనే కొంత నీతి ఉన్నది గదా!

ఈ విషయం ఆలోచించు జైన గృహస్థునికి రెండు సందేహాలు కలుగును. మొదటిది: కోరికలను తగ్గించుకొనుమని బోధించు ధర్మంలో ఒక లక్ష్యం పెట్టుకొని దానికై పట్టుబట్టుట తగునా? రెండవది: నియమం పట్టి తప్పుటకంటె అసలు పట్టకయే ఉండుట మేలు కాదా? పట్టుదలను గురించి వేమన చెప్పిన పద్యం తెలియని తెలుగువాడు లేడు. దానిని చూపి, “మాకెందుకు వచ్చిన వ్రతం? తప్పితే పాపం” అని తప్పుకొనువారు కూడ మనలో కలరు. ఈ రెండు సందేహాలకును మన పూర్వులు జవాబు చెప్పియే యున్నారు. ఆ జవాబు సూత్రాలలోనే గాక, నిత్యం మనం యాంత్రికంగా వల్లించు పచ్చక్ఖాణ పాఠాలలో కూడ ఉన్నది.

నిదానమనే ముల్లు

తెలుగులో నిదానమంటే నెమ్మది. మన శాస్త్రంలో ఆ మాటకు అర్థం వేరు. తపస్సు చేసి, “దీనికి ఫలంగా నాకు ఫలానా భోగం కలుగుగాక” అని బేరమాడుట నిదానం. మాయ, మిథ్యాత్వం, నిదానం అను మూడింటిని శల్యాలన్నారు. శల్యమంటే ఒంట్లో విరిగి ఉండిపోయిన ముల్లు. ముల్లు తీయని కాలితో ఎంత దూరం నడచినను నడక సాగదు. అందుచేతనే ఉమాస్వాతి ఆచార్యుడు తత్త్వార్థసూత్రంలో శల్యం లేనివాడే వ్రతి యని నిర్ణయించినాడు.

దీనినిబట్టి లక్ష్యం దోషం కాదనియు, బేరం దోషమనియు తేలుచున్నది. మోక్షమే ఒక లక్ష్యం గదా! లక్ష్యమే కూడదన్నచో మోక్షమార్గమనే మాటకు అర్థం లేదు. “నేను ఈ సంవత్సరం అబద్ధమాడకుండుటను అభ్యసించెదను” అనునది సంకల్పం. “అబద్ధమాడనివాడని పదిమంది నన్ను మెచ్చుకొనవలెను” అనునది నిదానం. బయటకు రెండును ఒక్కతీరుననే కనుపించును. తేడా ఫలం తప్పినప్పుడు తెలియును. మొదటివాడు తన నడతను చూచుకొని దిద్దుకొనును. రెండవవాడు లోకం మీద కోపించును, లేదా తప్పును దాచును.

శ్రవణబెళగొళ మన నగరానికి సుమారు 145 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. 2018లో జరిగిన మహామస్తకాభిషేకానికి మనలో అనేకులు పోయివచ్చినారు. చావుండరాయడు పదవ శతాబ్దం చివర నిలిపించిన ఆ 57 అడుగుల బాహుబలి విగ్రహంలో కాళ్లకు, చేతులకు తీగెలు అల్లుకొని యుండుటను అందరును చూచి ఆశ్చర్యపడుదురు. ఆ తీగెల వెనుక కథ మన ప్రశ్నకు సంబంధించినది. బాహుబలి ఒక సంవత్సరం కదలక నిలిచినాడు. అంతకంటె పట్టుదల ఎవరికి కలదు? అయినను కేవలజ్ఞానం కలుగలేదు. తాను నిలిచినది అన్న భరతుని నేల కదా అను చింత లోపల మిగిలినదని దిగంబర సంప్రదాయం చెప్పును. తనకంటె ముందు దీక్ష పుచ్చుకొన్న తమ్ములకు నమస్కరించవలసి వచ్చునను అభిమానం మిగిలినదనియు, చెల్లెండ్రు బ్రాహ్మి, సుందరి వచ్చి ఏనుగు దిగుమని హెచ్చరించినారనియు శ్వేతాంబర సంప్రదాయం చెప్పును. ఏ విధంగా చెప్పినను ముల్లు ఒక్కటే. శ్రమలో లోటు లేదు. శ్రమించుచున్నది నేననే ఎరుకలో లోటున్నది. లక్ష్యసాధనను గురించి వ్రాయువారు శ్రమను గురించి నూరు పుటలు వ్రాసి, ఈ ముల్లును గురించి పంక్తి అయినా వ్రాయరు.

కొలత లేనిది నియమం కాదు

“ఇకమీదట మంచిగా ఉండెదను” అనునది సద్భావం గాని నియమం కాదు. ఉపాసకదశాంగంలో ఆనందశ్రావకుని కథ చూడుడు. వాణిజ్యగ్రామంలో అతడు పెద్ద గృహస్థు. నాలుగు కోట్ల సువర్ణం నిధిగాను, నాలుగు కోట్లు వడ్డీ వ్యాపారంలోను, నాలుగు కోట్లు ఇంటి సంపత్తిగాను ఉన్నవి. పదేసివేల పశువుల మందలు నాలుగు. మహావీర స్వామి యెదుట వ్రతాలు పుచ్చుకొన్నప్పుడు అతడు “ఆశ తగ్గించుకొందును” అని ఊరకొనలేదు. ఉన్న ఆ పన్నెండు కోట్లే తన హద్దు అన్నాడు. నాగళ్లు 500, దూరప్రయాణానికి బండ్లు 500, దగ్గర పనులకు 500. అంతటితో నిలువక ఒళ్లు తుడుచుకొను గుడ్డ ఎట్టిది, పండ్లు తోము పుల్ల ఏ చెట్టుది అను వరకు పరిమితి చెప్పినాడు.

మన కాలపు చదువరికి ఇది నవ్వు పుట్టించవచ్చును. పన్నెండు కోట్లు ఉంచుకొన్నవాడు పండ్లపుల్లకు లెక్క చెప్పుటేమిటని అనిపించును. కాని ఇందులో మూడు విషయాలున్నవి. మొదటిది, అతడు ఉన్నదాని నుండి ప్రారంభించినాడు. లేని వైరాగ్యాన్ని నటించలేదు. రెండవది, హద్దు అంకెలలో ఉన్నది గనుక దాటినదీ లేనిదీ రాత్రి పడుకొనుటకు ముందు తనకే తెలియును. మూడవది, పెద్ద హద్దు సంవత్సరానికొకసారి పరీక్షకు వచ్చును. చిన్న హద్దు ప్రతి ఉదయం పరీక్షకు వచ్చును. పండ్లపుల్లతో అభ్యాసం చేసినవానికే కోట్ల దగ్గర చేయి ఆగును.

శ్రావకులు ఉదయం ధారణ చేయు పదునాలుగు నియమాలు ఈ అభ్యాసమే. సచిత్తం, ద్రవ్యం, విగయి, పాదరక్ష, తాంబూలం, వస్త్రం, పుష్పం, వాహనం, శయనం, విలేపనం, బ్రహ్మచర్యం, దిక్కు, స్నానం, భోజనం అని వాటి వరుస. ఈనాడు ఎన్ని పదార్థాలు తినెదను, ఎన్ని వాహనాలు ఎక్కెదను, ఎంత దూరం పోయెదనని ఉదయమే నిశ్చయించుకొని సాయంకాలం సరిచూచుకొనుట. ఒక్క దినానికే గడువు. పుట్టినది మొదలు వాహనం విడువని బెంగుళూరువాడు “నేడు రెండు వాహనాలకు మించి ఎక్కను” అని అనుకొని చూచిన, తాను దినమంతా ఆలోచన లేకుండ ఎన్ని పనులు చేయుచున్నాడో మొదటిసారి తెలియును. ఆచార్య తులసి 1949లో రాజస్థాన్‌లోని సర్దార్‌శహరులో అణువ్రత ఉద్యమాన్ని ప్రారంభించినప్పుడు కూడ ఈ మర్మాన్నే మతభేదం లేకుండ అందరి ముందుంచినాడు. అణువు చిన్నది, కాని అది కొలతకు దొరకును.

ముడియు, గడువును

మన పచ్చక్ఖాణాలలో గంఠిసహియం అనునది ఒకటి కలదు. గుడ్డకు ఒక ముడి వేసికొని, ఆ ముడి విప్పు వరకు ఏమియు తినను, త్రాగను అని అనుకొనుట. ముట్ఠిసహియంలో పిడికిలి బిగించి నవకారం చెప్పి విప్పు వరకు నియమం. మన తెలుగు ఇండ్లలో ఆడవారు మరువకూడని పనికి కొంగున ముడి వేసికొనుట అందరును ఎరిగినదే. మనస్సు మరచును గనుక గుడ్డకు పని అప్పగించుట! జర్మనీ దేశపు మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో ఒక వ్యాసంలో ఇట్టిదే చెప్పినాడు. ఏమి చేయవలెనో అనుకొన్నంత మాత్రాన చాలదు. ఎప్పుడు, ఎక్కడ, ఏది కనబడినప్పుడు చేయవలెనో ముందే ముడిపెట్టుకొన్నవారు ఎక్కువగా నెరవేర్చుకొందురని ఆయన పరిశోధనల సారం. కొంగుముడి ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు.

గడువు విషయంలో కూడ పూర్వుల సూక్ష్మదృష్టి మెచ్చదగినది. నవకారసీ సూర్యోదయం తరువాత 48 నిమిషాలు మాత్రమే. సామాయికం కూడ 48 నిమిషాలే; అది ఒక ముహూర్తం. అందుకు మించినవి పోరిసీ, ఏకాసనం, ఉపవాసం. పైకి పోదలచినవానికి పదకొండు ప్రతిమల మెట్లు. నెలకు ముప్పది ఉపవాసాలు చేయుమని మొదటి దినం ఎవరును చెప్పలేదు. ముందు 48 నిమిషాలు నిలుమన్నారు.

లండన్ నగరంలో ఫిలిప్పా లాలీ మొదలైనవారు 96 మందిని పరిశీలించి 2010లో ప్రకటించిన వ్యాసం ప్రసిద్ధమైనది. ఒక క్రొత్త అలవాటు ప్రయత్నం లేకుండ సాగునట్లగుటకు సుమారు 66 దినాలు పట్టుననియు, మనిషినిబట్టి, పనినిబట్టి అది 18 మొదలు 254 దినాల వరకు ఉండుననియు వారు లెక్కగట్టినారు. ఒక్కనాడు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడ చెప్పినారు. ఎనిమిది దినాల పర్యూషణ నియమం దీపావళికి ఎందుకు జారిపోవునో దీనివలన తెలియుచున్నది. మన సంప్రదాయంలో నియమానికి పెట్టిన సహజమైన గడువు చాతుర్మాస్యం. ఆషాఢం నుండి కార్తికం వరకు నాలుగు నెలలు, సుమారు 120 దినాలు. మనం నాలుగు నెలల పనిని ఎనిమిది దినాలకు కుదించి, నిలువలేదని చింతించుచున్నాము.

చాతుర్మాస్య వ్రతమనగానే గాంధీ మహాత్ముని తల్లి పుత్లీబాయి జ్ఞప్తికి వచ్చును. ఒక చాతుర్మాస్యంలో సూర్యుని చూడక భోజనం చేయనని ఆమె నియమం. వానకాలం గదా! పిల్లలు ఆకాశం చూచుచు నిలిచి, సూర్యుడు కనబడగానే తల్లిని కేకవేయుదురు. ఆమె పరుగున వచ్చులోగా సూర్యుడు మబ్బులో దూరును. ఆమె విసుగుకొనక, నేడు భోజనం దైవసమ్మతం కాదని నవ్వుచు పనిలోకి పోవునట. ఆ తల్లి కొడుకే 1888లో విలాయతు పోవునప్పుడు బేచర్‌జీ స్వామి అను జైన సాధువు యెదుట మద్యం, మాంసం, పరస్త్రీ సంగమం విషయంలో మూడు నియమాలు పుచ్చుకొన్నాడు. మూడే, స్పష్టమైనవి, సాక్షి కలవి. లండన్‌లో అతనిని కాపాడినవి అవియే.

ముందే ఉంచిన తూములు

ఇక రెండవ సందేహం. నియమం తప్పినచో ఏమి గతి? మన పచ్చక్ఖాణ పాఠాలలో ఆగారాలున్నవి. ఆగారమంటే ముందే చెప్పుకొన్న మినహాయింపు. మరపు వలన నోట పడినది దోషం కాదు. అకస్మాత్తుగా తనకు తెలియకుండ జరిగినది దోషం కాదు. పోరిసీలో మబ్బు కప్పి వేళ తెలియకపోవుట, దిక్కు భ్రమించుట కూడ ఎంచినారు. ప్రాణం మీదికి వచ్చిన వ్యాధిలో మనశ్శాంతికై పుచ్చుకొన్న ఔషధం దోషం కాదు. గృహస్థుడు చేయను, చేయించను అను రెండింటికే బద్ధుడు. ఇతరులు చేయునది మనస్సులోనైనా ఆమోదించననుట సాధువుల వ్రతం.

దీనిని చూచి కొందరు ఇవి దొంగదారులందురు. అట్లనుట తగదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య తెలుగు కుటుంబంలో పుట్టినవాడు; మన బెంగుళూరులోనే 1962లో నూరేండ్లు దాటి కన్నుమూసినాడు. ఆయన 1903లో పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి వాటంతటవే తెరుచుకొను తలుపులు పెట్టించినాడు. వరద నిర్ణయించిన మట్టం దాటినప్పుడు తలుపులు తెరుచుకొనును, దిగగానే మూసికొనును. కట్టకు బలం చాలక చేసిన పని గాదు. కట్ట తెగకుండ నిలుచుటకే ఆ ఏర్పాటు. ఆగారాలు అట్టివే. మట్టం ముందే నిర్ణయించబడినది. వరద వచ్చినప్పుడు ఇష్టం వచ్చినంత గండి కొట్టుకొనుటకు వీలులేదు. నియమం పుచ్చుకొను నాడే “జ్వరం వచ్చినప్పుడు ఇట్లు, ప్రయాణంలో ఇట్లు” అని చెప్పుకొన్నవాడు నిజాయితీపరుడు. తప్పిన తరువాత కారణం వెదకువాడు మాత్రం గండి కొట్టుచున్నాడు.

తప్పుటలో కూడ మెట్లున్నవని పెద్దలు చెప్పినారు. అతిక్రమం, వ్యతిక్రమం, అతిచారం, అనాచారం. తప్పవలెనని మనస్సున పుట్టుట మొదటిది. అటు అడుగువేయుట రెండవది. వస్తువు చేత పట్టుట, కొంత భంగపడుట మూడవది. పూర్తిగా తప్పుట నాలుగవది. ఈ విభాగం పండితుల వినోదానికి కాదు. మొదటి మెట్టు మీద మరలుట సులభం, మూడవ మెట్టు మీద కష్టం, అయినను అక్కడ కూడ మరలవచ్చును. “ఒకసారి తప్పినది గదా, ఇంక పోనీ” అను మాటయే మూడవ మెట్టు నుండి నాలుగవదానికి దించునది.

ఒక టెంకాయ కథ

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పక తీరదు. కొన్నేండ్ల క్రిందట పర్యూషణంలో రాత్రి భోజన త్యాగం పుచ్చుకొన్నాను. బెంగుళూరులో సూర్యాస్తమయం నవంబరులో ఆరు గంటలకు ముందే. జూలైలో కూడ ఏడు దాటదు. కార్యాలయం విడిచి ఇల్లు చేరుటకు ఏడున్నర అగును. ఈ లెక్క నియమం పుచ్చుకొన్న నాడు నేను వేయలేదు. కార్తిక మాసంలో ఒకనాడు తోటి ఉద్యోగి ఏదో శుభవార్తకు విందు ఇచ్చినాడు. ఏడు గంటలు దాటినది. ఆకలిగా ఉన్నది. తిన్నాను.

ఇంటికి రాగానే మా మేనత్త అడిగినది: “ఏమి నాయనా, పొద్దుండగానే తింటివా?”

“తిన్నానత్తా” అన్నాను.

ఆ నెలలోనే సంఘంలో నియమాలు నిలుపుకొన్నవారిని పిలిచి తిలకం దిద్ది టెంకాయ ఇచ్చినారు. అత్త నా పేరు చెప్పియున్నది. పదిమందిలో లేచి పోయి ఆ టెంకాయ పుచ్చుకొన్నాను. దానిని ఇంట్లో కొట్టుటకు నాకు చేతులు రాలేదు. అలమర మీద పెట్టితిని. మూడు వారాలు దానిని చూడకుండ తిరిగితిని. చివరకు ఒక ఆదివారం అత్త ప్రక్కన కూర్చుండి జరిగినదంతయు చెప్పితిని. ఆమె కొంతసేపు పలుకలేదు. తరువాత అన్నది: “తిన్నది ఆ రాత్రికే అరిగిపోయె నాయనా. ఆడిన మాట అరగలేదు. అందుకే చెప్తివి. ఆ టెంకాయ మందిరంలో ఇచ్చేసి రా. రేపటి నుంచి డబ్బా కట్టిస్తా, అయిదు గంటలకు తిను.”

మరునాటి నుండి రెండు జొన్నరొట్టెలు, వెల్లుల్లి లేని పప్పుల పొడి నా సంచిలో ఉండెడివి. అయిదు గంటలకు డబ్బా తెరచుట మొదట తోటివారికి వింతగా ఉండినది; తరువాత వారే వేళ అయినదని గుర్తు చేయసాగినారు. నా సంకల్పబలం చేయలేని పని ఆ డబ్బా చేసినది. ఆ తరువాత ఎన్నడును తప్పలేదని చెప్పినచో మరియొక టెంకాయకు అర్హుడనగుదును. తప్పినాను. కాని తప్పిన రాత్రి అత్తకు చెప్పినాను.

ఆనాడు నాకు తెలిసినదేమనగా, తిన్న ముద్ద అతిచారం. చెప్పిన అబద్ధం మాయాశల్యం. పుచ్చుకొన్న గౌరవం నిదానం. మొదటిది ఒక పూటతో పోయెడిది. తక్కిన రెండును నియమాన్నే లోపలి నుండి తినివేయును. పట్టి తప్పుటకంటె పట్టకుండుట మేలనువారు మొదటిదానికి భయపడుచున్నారు. భయపడవలసినది తక్కిన రెండింటికి. నియమమే లేనివానికి తప్పు జరిగినట్లు కూడ తెలియదు. నియమం కలవానికి తప్పు ఎక్కడ జరిగినదో తెలియును. ఆ తెలివియే అతని లాభం.

సాయంకాలపు లెక్క

వ్యాపారి దుకాణం మూయుటకు ముందు గల్లాపెట్టె లెక్కచూచును. మన ప్రతిక్రమణం అట్టిదే. రాత్రిది, పగటిది, పక్షానిది, నాలుగు నెలలది, సంవత్సరానిది అని అయిదు లెక్కలు. వీటిలో సంవత్సరానిది ఒక్కటే చేయుచు తక్కినవి విడుచుట, ఏడాదికొకసారి మాత్రమే గల్లా చూచు వ్యాపారి తీరు.

అమెరికా దేశపు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పదమూడు సుగుణాలను వ్రాసికొని చిన్న పుస్తకంలో గళ్లు గీసి, వారానికి ఒక గుణం మీద దృష్టి నిలిపి, తప్పినప్పుడు నల్లచుక్క పెట్టుకొనెడివాడు. సంవత్సరానికి నాలుగు ఆవృత్తులు. మొదట పన్నెండే వ్రాసికొన్నాడు. గర్విష్ఠివని స్నేహితుడు చెప్పగా వినయాన్ని పదమూడవదిగా చేర్చినాడు. చివరకు, గర్వాన్ని జయించితిననుకొన్నను, తన వినయానికే తాను గర్వించునేమో అని ఒప్పుకొన్నాడు. బాహుబలి ముల్లు అక్కడ కూడ ఉన్నది.

మనవారిలో శ్రీమద్ రాజచంద్రుని చూడుడు. 1867లో పుట్టి 1901లో మరణించిన ఆ వజ్రాల వ్యాపారి శతావధాని. అవధానం విలువ తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. లోకం చప్పట్లు కొట్టుచున్న వయస్సులోనే, ఆత్మసాధనకు అడ్డమని ఆ ప్రదర్శనలు విడిచినాడు. 1891లో బొంబాయిలో ఆయనను కలిసికొన్న గాంధీజీ ఒక విషయం వ్రాసినారు. వేల రూపాయల బేరం ముగిసిన మరుక్షణం ఆయన చేతిలో ధర్మగ్రంథమో, తన ఆలోచనలు వ్రాసికొను పుస్తకమో తెరుచుకొనెడిదట. దుకాణం విడిచి అడవికి పోలేదు. దుకాణంలోనే, రెండు పనుల మధ్య సందులో, తన లక్ష్యాన్ని ఉంచుకొన్నాడు. బెంగుళూరు రద్దీలో తీరిక లేదనువారికి ఇంతకంటె మంచి ఉదాహరణం లేదు.

ఈ లెక్క యాంత్రికమైనచో వ్యర్థం. అనంతపురం జిల్లా కొనకొండ్లతో సంప్రదాయం ముడిపెట్టు కుందకుందాచార్యుడు నియమసారమనియే ఒక గ్రంథం వ్రాసినాడు. తప్పక చేయవలసినదే నియమమని అందులో నిర్వచించి, అది రత్నత్రయమేనన్నాడు. ఆయనయే సమయసారంలో పరమార్థదృష్టితో చూచినచో ప్రతిక్రమణం సయితం విషకుంభమని చెప్పి చదువరిని ఉలికిపడచేయును. నేను శుద్ధుడనైతినని తృప్తిపడుటకు దానిని వాడుకొనవద్దని అందు హెచ్చరిక ఉన్నట్లు నాకు తోచును. మన తెలుగుసీమ ఇట్టి ఆచార్యుని సొంతం చేసికొన్నది. కురిక్యాల బొమ్మలగుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దంలోనే తెలుగు కందాలు చెక్కించినాడు. రాతిపై అక్షరం వేయి సంవత్సరాలు నిలిచినది. మన నియమం దీపావళి దాటుట అంత అసాధ్యమా?

శక్తికి తగినట్లు

షోడశ కారణ భావనలలో త్యాగానికి, తపస్సుకు ముందు “శక్తి కొలది” అను మాట ఉన్నది. ఈ మాట మనం మరచుచున్నాము. ఎవరు ఎన్ని ఉపవాసాలు చేసినారో పోటీగా చాటుట, పసిపిల్లలను పెద్ద తపస్సులకు పురికొల్పుట, ఊరేగింపు కొరకు తపస్సును పొడిగించుట ధర్మానికి శోభ కాదు. శరీరం కూడ ఒక జీవికి నెలవు. సంఘాలకు నా విన్నపం ఒకటి. నియమం నిలుపుకొన్నవారికి తిలకం దిద్దుడు. అందుకు అభ్యంతరం లేదు. కాని తప్పితినని లేచి చెప్పినవానిని కూడ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. ఆనందశ్రావకునికి అవధిజ్ఞానం కలిగినదంటే గౌతమ గణధరుడు నమ్మలేదు. ఆనందుడు చెప్పినదే నిజమని మహావీర స్వామి తేల్చి, ఆ గృహస్థుని క్షమాపణ కోరుమని తన ప్రథమ శిష్యుని పంపినాడు. గౌతముడు పోయి కోరినాడు. తప్పు ఒప్పుకొనుట చిన్నతనమైనచో ఈ కథ మన ఆగమంలో ఉండెడిది కాదు.

చెప్పినదంతయు కూడి చూచినచో గృహస్థుడు చేయదగినవి ఇవి. ఒకటే నియమం పుచ్చుకొనుము. దానికి అంకె ఉండవలెను. చాతుర్మాస్యమంత గడువు పెట్టుము. ఏ వేళ, ఏ చోట అనునది ఒక ముడికో, ఒక డబ్బాకో అప్పగించుము. మినహాయింపులు మొదటి దినమే చెప్పుకొనుము. రాత్రి పడుకొనుటకు ముందు లెక్క చూడుము. తప్పినచో దాచక ఒక్కరికైనను చెప్పి, మరునాడు ఉదయం మరల ప్రారంభించుము. నిలిచినచో ఎవరికిని చెప్పవలసిన పని లేదు.

వచ్చు భాద్రపదంలో చేతులు జోడించి నిలుచునప్పుడు “ఎంత పెద్ద నియమం?” అని గాక, “ఏ నియమం విషయంలో నేను నిజం చెప్పగలను?” అని మనలో మనం అడుగుకొందుము గాక. ఈ వ్రాతలో శాస్త్రానికి విరుద్ధమైనది ఏదైనను దొరలియున్నచో పెద్దలు క్షమింతురు గాక. మిచ్ఛామి దుక్కడం.